ఖండాల మధ్య గీత ఎవరు గీశారు?



పోయిన శనివారం సాయంత్రం నాంపల్లి స్టేషన్ వెనక ఒక బస్తీలో పిల్లలకు ప్రపంచ పటం చూపించాను. మేం నలుగురం కలిసి వారానికోసారి అక్కడ చదువు చెప్తుంటాం. ఐదో తరగతి చదివే ఒక పాప లేచి నిలబడి ఏడు ఖండాల పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అందరం చప్పట్లు కొట్టాం. "మరి మనం ఏ ఖండంలో ఉన్నామమ్మా?" అని అడిగాను. పాప పటం వైపు చూసింది, నా వైపు చూసింది. "గది చెప్పలే సార్. ఏడు పేర్లు యాదికుంచుకొమ్మన్నరు" అంది.

ఆ పాప తప్పేం లేదు. ప్రపంచమంటే పరీక్షలో ఒక మార్కు ప్రశ్న అని నేర్పారు, నేర్చుకుంది. ఆ ఏడు పేర్లలో తన ఇల్లు కూడా ఉందని ఎవరూ చెప్పలేదు.

ఈ సంగతి చెప్తే ఒక తమ్ముడు, "అన్నా, ముందు వాళ్లకు చదవడం, రాయడం రానియ్యి. ఖండాలు ఎక్కడికి పోతయ్?" అన్నాడు. సర్కారు బడుల్లో పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు రావాలని 2022లో 'తొలిమెట్టు' మొదలుపెట్టారు. అవసరమే, కాదనను. కానీ తొలిమెట్టు దగ్గరే ఆగిపోయే పిల్లలెవరు? ఖండాలు ఎక్కడికీ పోవు తమ్ముడూ, పిల్లలే పోతారు. హోటల్లో గ్లాసులు కడగడానికి పోతారు, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంటికి పోతారు. డబ్బున్నవాళ్ల పిల్లలకు మూడేళ్లకే గ్లోబు బొమ్మ దొరుకుతుంది. మన పిల్లలకు ప్రైమరీ బడి దాటితే ఇంకో అవకాశం వస్తుందన్న గ్యారంటీ లేదు.

నా సంగతి చెప్తాను. మా ఊరి బడిలో గ్లోబు బీరువాలో ఉండేది. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజే బయటికి తీసేవాళ్లు. దొర మనవడు దాన్ని మోసుకొచ్చేవాడు, తిప్పి చూపించేవాడు. ఒకసారి నేను చెయ్యి చాపాను. "నువ్వొద్దురా" అన్నారు. ఎందుకో చెప్పలేదు, మాకు చెప్పాల్సిన పనీ లేదు. బావి సంగతి తెలుసు, గుడి సంగతి తెలుసు. భూగోళానికి కూడా అంటు ఉంటుందని ఆ రోజు తెలిసింది.

డిగ్రీకి హైదరాబాద్ వచ్చాక ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గరికి పోయాను. మూసి ఉన్న షాపుల ముందు, ఫుట్‌పాత్ మీద పుస్తకాల కుప్పలు. అందులో అట్ట ఊడిన ఒక అట్లాసు దొరికింది. సోవియట్ యూనియన్ 1991లోనే పోయింది, ఆ అట్లాసులో మాత్రం ఇంకా ఒక్క ముక్కగానే ఉంది. పటం దేవుడు రాసింది కాదని, మనుషులు గీస్తారని, మళ్లీ చెరిపేస్తారని నాకు అక్కడే అర్థమైంది.

పిల్లలకు చెప్పాల్సిన మొదటి సంగతి ఇదే. గోడ మీద మనం తగిలించే పటాల్లో చాలావాటికి మూలం 1569లో మెర్కేటర్ గీసింది. ఓడ నడిపేవాళ్లకు దిక్కు తప్పకుండా గీశాడు. దిక్కులు సరిగ్గానే ఉంటాయి, సైజులే ఉండవు. భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ నేల సాగిపోతుంది. అందుకే గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా 3 కోట్ల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్ 22 లక్షల లోపే. పద్నాలుగు రెట్లు తేడా! ఒక బత్తాయి తీసుకుని, తొక్క ఒలిచి, బల్ల మీద పరిచి చూపించండి. చింపకుండా, సాగదీయకుండా గుండ్రటిదాన్ని చదును చెయ్యలేమని పిల్లలే చెప్తారు.

రెండో సంగతి, గీతలు. ఆసియాకూ యూరప్‌కూ మధ్య సముద్రం లేదు. ఉరల్ కొండల మీదుగా ఒక గీత ఉందని మనుషులు అనుకున్నారు, అంతే. కొన్ని దేశాల బడుల్లో ఉత్తర, దక్షిణ అమెరికాలను కలిపి ఒకే ఖండమని చెప్తారు. ఆబిడ్స్‌కు ఆ పేరు ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మేనియన్ పెట్టిన దుకాణం వల్ల వచ్చింది. ఆర్మేనియాను కొందరు ఆసియా అంటారు, కొందరు యూరప్ అంటారు. మనం రోజూ తిరిగే సెంటర్ పేరులోనే తెగని పంచాయితీ ఉంది.

ఊరికీ వాడకూ మధ్య కూడా సముద్రం లేదు కదా. అక్కడ గీత ఎవరు గీశారు? పదేళ్ల పిల్లకు ఈ మాట మనం చెప్పక్కర్లేదు. ఖండాల గీతను ప్రశ్నించడం వస్తే, ఆ గీతను ప్రశ్నించడం తనకే వస్తుంది.

మూడో సంగతి, ఖండాలు మన గల్లీలోనే ఉన్నాయి. నాంపల్లి నుంచి లక్డీకాపూల్ దాటితే ఏసీ గార్డ్స్ వస్తుంది. ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌ది. ఆ సిద్దీల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. బరాత్‌లో మన పిల్లలు ఎగిరి ఆడే మర్ఫా దెబ్బలో ఆఫ్రికా ఉంది, అరేబియా ఉంది. బజ్జీలోని మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం, పోర్చుగీసువాళ్లతో ఇక్కడికొచ్చింది. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ సగం ఆసియా పాఠం చెప్పొచ్చు.

మనవాళ్లు కూడా ఖండాలు దాటారు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలను దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు తీసుకుపోయింది. తెలుగువాళ్లూ ఉన్నారు. ఓడ జాబితాలో పేరు పక్కన కులం కూడా రాశారు. సముద్రం దాటినా జాబితా వదల్లేదు. 1873లో ఫూలే తన 'గులామ్‌గిరి'ని అమెరికాలో నల్లవాళ్ల బానిసత్వాన్ని రద్దు చేసిన జనానికి అంకితమిచ్చాడు. పుణెలో కూర్చుని ఇంకో ఖండంలోని బాధను తన బాధగా గుర్తుపట్టాడు. బడిలో గోనెపట్టా మీద వేరుగా కూర్చోబెట్టిన పిల్లాడు 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి పోయాడు, తర్వాత లండన్‌కు. పిల్లల చేతికి ఒక దారం ఇచ్చి పటం మీద బాబాసాహెబ్ ప్రయాణం పరచమనండి. మూడు ఖండాలు ముగిసేసరికి పేర్లు వాటంతటవే గుర్తుంటాయి.

ఈ నగరంలోనే భాగ్యరెడ్డి వర్మ మన పిల్లల కోసం బడులు తెరిచి వందేళ్లు దాటింది. అప్పటి పోరాటం బడి గడప దాటడానికి. ఇప్పుడు గడప దాటాం, బీరువా తలుపు ఇంకా తెరవాలి. సెలవుల్లో బస్తీలకు, వాడలకు పోయి చదువు చెప్పే విద్యార్థి మిత్రులకు నా మాట ఒకటే. ఏడు పేర్లు వల్లె వేయించడంతో మొదలుపెట్టకండి. "మన ఇల్లెక్కడుంది?" అనే ప్రశ్నతో మొదలుపెట్టండి.

రేపు ఆదివారం ఆబిడ్స్ పోయి ఒక గ్లోబు వెతుకుతాను. సొట్టపడినా ఫర్వాలేదు. వచ్చే శనివారం మొదట ఆ పాప చేతికే ఇస్తాను. తిప్పనీ, కింద పడేయనీ, మళ్లీ ఎత్తుకోనీ.

జై భీమ్.

(మిగతాది వచ్చే వారం)