మందు పనిచేయలేదంటే... ఎవరిలో?

ఒక మందును ఎన్నో దేశాల్లో పరీక్షించి ‘ఫలితం లేదు’ అని తేలిస్తే వెంటనే నమ్మేయాలా? ఇంట్లో గుండె వైఫల్యంతో బాధపడేవారుంటే ఈ ప్రశ్న మీకూ ముఖ్యమే.

స్పైరనోలాక్టోన్ పాత మాత్ర, చవకైనది కూడా. గుండె పంపింగ్ బాగా తగ్గినవారిలో ఇది మరణాలను తగ్గిస్తుందని 1999లోనే రుజువైంది. మరి పంపింగ్ దాదాపు బాగానే ఉన్నా ఆయాసం, కాళ్లవాపు వేధించేవారి సంగతేంటి? ఇది తేల్చటానికే టాప్‌క్యాట్ అధ్యయనం చేశారు. అమెరికా, కెనడా, బ్రెజిల్, అర్జెంటీనా, రష్యా, జార్జియాల్లో 3,445 మందిని ఎంచుకున్నారు. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే మొత్తమ్మీద చెప్పుకోదగ్గ తేడా లేదని 2014లో ప్రకటించారు.

ప్రాంతాలవారీగా విడదీస్తే కథ మారిపోయింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో గుండెజబ్బు మరణం, ఆగిన గుండెను తిరిగి కొట్టుకునేలా చేయాల్సి రావటం, గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలవటం.. వీటిల్లో ఏదో ఒకటి అమెరికా ఖండాల్లో 31.8% మందికి ఎదురైంది. రష్యా, జార్జియాల్లో 8.4% మందికే! అక్కడ ఎంచుకున్నవారిలో చాలామందికి అసలు ఈ జబ్బు ఉందా అనే అనుమానం మొదలైంది. మాత్ర వేసుకుంటున్నామని చెప్పిన కొందరి రక్తాన్ని పరీక్షించగా రష్యాలో 30% మందిలో మందు ఆనవాలే లేదని 2017లో బయటపడింది. అమెరికా, కెనడాల్లో ఇది 3 శాతమే. అమెరికా ఖండాల వరకే చూస్తే ముప్పు 18% తగ్గింది. అయితే ఇలా తర్వాత విడదీసి చూసిన లెక్క బలమైన సూచనే గానీ తుది రుజువు కాదు.

మనకిందులో పాఠముంది. గుండె వైఫల్యం బాధితుల్లో ఏడాదిలోపు మరణాలు మనదేశంలో 23%, చైనాలో 7% అని 2017లో ఇంటర్-సీహెచ్ఎఫ్ అధ్యయనం పేర్కొంది. రోగులు, చికిత్స అందే తీరు ఇంత వేరైనప్పుడు మనవాళ్లు తగినంత మంది లేని పరీక్షల ఫలితాలను గుడ్డిగా అన్వయించుకోలేం. అందుకే నాణ్యమైన పరీక్షలు ఇక్కడా జరగాలి.

వాపు తగ్గగానే మాత్రలు మానేసి, ఆయాసంతో తిరిగొచ్చేవారిని మా ఓపీలో తరచూ చూస్తుంటాం. ఫోన్‌లో వచ్చిన సందేశాన్ని చూసి మందు ఆపకండి. స్పైరనోలాక్టోన్ వాడుతుంటే రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు డాక్టర్ చెప్పినట్టు చేయించుకోండి. మాత్ర మానేసి ఉంటే దాచకుండా చెప్పండి. వేసుకోని మాత్రను వేసుకున్నట్టు చెబితే, పనిచేసే మందు కూడా పనికిరానిదిగా కనిపిస్తుంది.