అర, పావు కలిస్తే ఎంత?



ఆదివారం తెలుగు తరగతిలో లెక్కలకు ఒక అరగంట ఇవ్వాలని మేము కొందరం అడుగుతున్నాం. "బడిలో ఇంగ్లీషులోనో తమిళంలోనో చెబుతూనే ఉన్నారు, మళ్ళీ తెలుగులో ఎందుకు, పిల్లలు తికమకపడరా?" అని పెద్దలు అంటున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క లెక్క చూడండి.

1/2 + 1/4. దీనికి 2/6 అని రాసే పిల్లలు మన కోయంబత్తూరు ఇళ్ళలో బోలెడుమంది. పైవీ పైవీ కలిపారు, కిందివీ కిందివీ కలిపారు. ఎర్ర సిరాతో కొట్టేసి 3/4 అని రాసిస్తే బట్టీ పడతారు గానీ తప్పెక్కడుందో తెలియదు. 2/6 అంటే మూడో వంతు. అంటే అర కన్నా తక్కువ! అరకు ఇంకొంత కలిపితే తగ్గుతుందా? ముందు ఈ ప్రశ్న అడగాలి.

అవ్వను అడగండి, అర లీటరు పాలలో పావు లీటరు పోస్తే ఎంత అని. కాగితం లేకుండా "ముప్పావు" అంటుంది. అర అంటే రెండు పావులు. దానికి ఇంకో పావు చేరితే మూడు పావులు. ఆ మూడే ముప్పావులోని 'ము'. 1/2ను 2/4గా మార్చి, కింది అంకెలు ఒకటయ్యాక పైవి కలపమని బడిలో చెప్పేదీ ఇదే. తమిళంలోనూ అరై, కాల్, ముక్కాల్ ఇలాగే ఉన్నాయి. ఇక తికమకేముంది?

తీసివేతకూ ఇదే తంతు. 52లోంచి 27 తీయాలి. "రెండులో ఏడు పోదు, పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అంటాం. తెచ్చిన అప్పు ఎప్పుడు తీర్చాలని పిల్ల అడిగితే? పది రూపాయల నోట్లు ఐదు, రూపాయి బిళ్ళలు రెండు ముందు పెట్టండి. ఒక నోటుకు చిల్లర మార్చండి. ఇప్పుడు నాలుగు నోట్లు, పన్నెండు బిళ్ళలు. ఏడు బిళ్ళలు, రెండు నోట్లు తీసేస్తే మిగిలేది 25. అప్పు మాటే రాలేదు.

అందుకే ఉగాదికి వేగంగా లెక్క చెప్పే పోటీ పెట్టాలన్న ఆలోచన మాకు నచ్చలేదు. వేగం వచ్చే పిల్లలకు ఎలాగూ వస్తుంది. వెనకబడ్డవాళ్ళు ఐదో తరగతిలోనే "నాకు లెక్కలు రావు" అని తీర్మానించుకుంటున్నారు, మన బాధంతా వాళ్ళ గురించే. బహుమతి ఇవ్వాలంటే చేసిన లెక్కను మెట్టు మెట్టుగా అవ్వకో తాతకో తెలుగులో విడమర్చి చెప్పిన పిల్లలకు ఇద్దాం. తెలుగు పద్యాలకూ పండగలకే అయితే ఇంట్లో ఆ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది?

ఈ ఆదివారం పిల్లల లెక్కల నోటుబుక్కులు పంపండి, కొట్టేసిన పేజీలతో సహా. లీటరు, అర, పావు కొలతలు ఇంట్లో ఉన్నవాళ్ళు వెంట తెండి. అవ్వలు వస్తే మరీ మంచిది.