ఎర్ర క్యాలిపర్‌ పెట్టగానే ఆగదు!

ఇంజిన్‌ ట్యూనింగ్‌ అయిపోయింది. సైలెన్సర్‌ మారింది. కారు రయ్యిమని దూసుకుపోతోంది. ఇక మిగిలింది బ్రేకులే! ఆరు పిస్టన్ల క్యాలిపర్‌, భోజనం పళ్లెమంత డిస్కు... పేరున్న కంపెనీదైతే ముందు చక్రాల జతకే ఖర్చు లక్షల్లో. ఎందుకంటే 'భద్రత కోసమే కదా నాన్నా' అన్న జవాబు సిద్ధం. ఏ తండ్రైనా మెత్తబడే మాటే అది. అంత డబ్బు పోస్తే భద్రత నిజంగా వస్తుందా?

ముందు ఓ లెక్క చూద్దాం. మనుషులతో కలిపి 1,150 కిలోలున్న కారు 120 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. దాన్ని ఒక్కసారి పూర్తిగా ఆపితే బ్రేకుల్లో పుట్టే వేడితో సుమారు రెండు లీటర్ల నీళ్లు కాచుకోవచ్చు... తెర్లేదాకా! అదే 60 వేగంలో అయితే అందులో నాలుగో వంతే. ఆ వేడిని పదేపదే తట్టుకోవడమే పెద్ద కిట్‌ అసలు పని. డిస్కు పెద్దదీ మందమైనదీ అయితే ఎక్కువ వేడిని ఇముడ్చుకుంటుంది, త్వరగా చల్లారుతుంది.

మరి కారును ఆపేదెవరు? టైర్లు! ఉన్న బ్రేకునే గట్టిగా తొక్కినప్పుడు ఏబీఎస్‌ టకటకమని కొట్టుకుంటోందంటే టైరు పట్టు అక్కడితో అయిపోయినట్టే. ఆపైన ఎంత పెద్ద క్యాలిపర్‌ బిగించినా ఆ ఒక్క బ్రేకుకు దూరం పెద్దగా తగ్గదు. అందుకే అరిగిన టైర్లతో కిట్‌ బేరమాడటం దండగ.

తేడా తెలిసేది తిరుమల నుంచి దిగే ఘాట్‌రోడ్డు లాంటిచోట. పై గేర్లో, కాలు తీయకుండా బ్రేకు తొక్కుతూ దిగారనుకోండి. పెడల్‌ స్పాంజిలా మెత్తబడి కిందికి దిగిపోతుంటే బ్రేక్‌ ఆయిల్‌ మరిగిందని అనుమానించాలి. పెడల్‌ గట్టిగానే ఉన్నా బండి ఆగట్లేదంటే ప్యాడ్లు వాటి హద్దు దాటి వేడెక్కాయన్నమాట. రెండింటికీ మందు వేరు. రెండూ కిట్‌ కన్నా ఎంతో చవక. డాట్‌ 4 ఆయిల్‌ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకునే కొద్దీ అది 155 దాకా పడిపోవచ్చు. రెండేళ్లుగా మార్చని ఆయిల్‌ మీద ఖరీదైన క్యాలిపర్‌ ఎక్కించి ఏం లాభం? ఘాట్‌ దిగేటప్పుడు రెండో గేరు వాడటానికైతే పైసా ఖర్చు లేదు.

ఇవన్నీ చేశాక కూడా బ్రేకులు చాలట్లేదంటే, అప్పుడప్పుడు రేస్‌ట్రాక్‌ మీదికీ వెళ్తారంటే కిట్‌ ఆలోచన సబబే. మన దగ్గర కుర్రకారు మెచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐనే తీసుకోండి. 2013లో 105 పీఎస్‌ ఇంజిన్‌తో వచ్చింది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. దీనికి 330 మిల్లీమీటర్ల డిస్కు కావాలంటే మొదట అడ్డొచ్చేది చక్రమే. 15 అంగుళాల చక్రమంటే 381 మిల్లీమీటర్లు. డిస్కు చుట్టూ క్యాలిపర్‌ పట్టే చోటే ఉండదు! 17 అంగుళాల చక్రాలు కొనాలి. ఆ ఖర్చూ బరువూ అదనం. కొలతల నమూనా కాగితాన్ని కంపెనీ నుంచి తెప్పించుకుని, అట్టముక్క మీద కత్తిరించి చక్రంలో పెట్టి చూశాకే అడ్వాన్సు ఇవ్వాలి.

రెండోది తూకం. ముందు బ్రేకుల బలం విపరీతంగా పెంచితే వెనక చక్రాలు తమ వంతు పని చేయవు. ఆగే దూరం తగ్గకపోగా పెరగనూవచ్చు. క్యాలిపర్‌ పిస్టన్లు మరీ పెద్దవైతే పెడల్‌ ఇంకా లోతుకు తొక్కాలి. అందుకే మీ మోడల్‌కే లెక్కగట్టి తయారుచేసిన కిట్‌ తప్ప 'దేనికైనా పట్టేస్తుంది సార్‌' అనే సరుకు వద్దు. పోటీల కోసం చేసిన క్యాలిపర్లలో చాలావాటికి దుమ్ము ఆపే రబ్బరు తొడుగులుండవు. మన రోడ్ల దుమ్ములో అవి ఎన్నాళ్లు నిలుస్తాయి? రేసు ప్యాడ్లదీ అదే కథ. వేడెక్కితేగానీ పట్టవు. వీధి చివర అడ్డొచ్చే పిల్లాడు ప్యాడ్లు వేడెక్కేదాకా ఆగడు కదా. ఇక రంధ్రాల డిస్కులు... చూడముచ్చటే కానీ బాగా వేడెక్కితే ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లొస్తాయి. (పాత క్యాలిపర్‌కు ఎర్ర ప్లాస్టిక్‌ మూత తగిలించుకునేవారిని ఏమనాలో!)

బిల్లు కట్టేముందు బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఆర్‌సీలోని వివరాలు కంపెనీ అసలు నిర్దేశాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ మార్పు సంగతేమిటో రవాణా కార్యాలయంలో కనుక్కోవడమూ మంచిదే.

బిగించాక కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయాలి. ఖాళీ రోడ్డు మీద 80 వేగం నుంచి 20 దాకా, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పది సార్లు తగ్గించాలి. ఆనక బ్రేకు వాడకుండా కాసేపు నడిపి చల్లారనివ్వాలి. వేడి మీద పెడల్‌ తొక్కిపట్టి నిలబెడితే ప్యాడ్‌ పదార్థం డిస్కుకు అంటుకుంటుంది, ఆపై బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్‌ వణుకుతుంది. డబ్బాలో వచ్చిన కాగితంలో మరో పద్ధతి రాసి ఉంటే దాన్నే పాటించండి.