పసుపునకును మితి గలదు

“పసుపు మేలుచేయునదే గదా, యెంత తినినను దోషమేమి?” అను మాటను మా నెల్లికుదురులో మేము తఱచుగా వినుచుందుము. దీనికి ఎలుకల కన్నులు చెప్పిన యుత్తర మొకటి గలదు.

కనుపాప వెనుకనుండు స్వచ్ఛమైన కటకము మసకబాఱుటయే శుక్లము. స్లిట్ లాంప్ అను సూక్ష్మదర్శిని దీనిని చక్కగా చూపును. 1911లో స్వీడను దేశపు వైద్యుడు గుల్‌స్ట్రాండ్ దీనికి మూలమైన దీపమును నిర్మించెను. కిటికీ సందున దూఱిన యెండలో ధూళి కనబడునట్లు, సన్నని వెలుగురేఖలో కటకమునందలి మచ్చ కనబడును. జంతువును చంపకయే, ఒకే కంటిని మాటిమాటికి పరీక్షింపవచ్చును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2003లో ప్రకటించిన పరిశోధనమున నిట్లే చేసిరి. ఆహారమున నూటికి 30 పాళ్లు గాలక్టోస్ అను చక్కెర పెట్టగా ఎలుకలకు శుక్లములు పుట్టెను. పసుపులోని కుర్కుమిన్ నూటికి 0.002 పాళ్లు చేర్చినప్పుడు శుక్లము ఆలస్యముగా వచ్చి మెల్లగా ముదిరెను. 0.01 పాళ్లు చేర్చినప్పుడో, మఱింత వేగముగా ముదిరెను!

ఎలుకకు జరిగినదెల్ల మనుజులకును జరుగునని చెప్పరాదు. అయినను మితమే మేలని యెఱుగుటకు నిది చాలును. కూరలో వేయు పసుపు చాలును. కంటిలో పసుపునీరు, ఆకుపసరులు పోయకుడు. ఇంటిలోని పెద్దలకు చూపు మసకబాఱిన వైద్యునికడకు గొనిపొండు. ఆయనయు నా దీపముతోనే చూచును. చూపును చెఱచు శుక్లమునకు శస్త్రచికిత్సయే మందు.