బార్దానా

రాయ్‌పూర్ ప్రాంతంలో వరికోతలు ముగియగానే ధాన్యంతోబాటు వినవచ్చే మాట 'బార్దానా'. ఖాళీ సంచులని దాని అర్థం. పారశీకం నుండి వచ్చినది. మన 'బస్తా' కూడా ఆ ఇంటి బిడ్డే. అనువాదకుడు ఇట్టి చుట్టరికాల వద్ద ఒక క్షణం ఆగకుండ ఉండలేడు.

నగర శివారులోని ఉర్లా వంటి పారిశ్రామికవాడలలో ప్లాస్టిక్ సంచులు నేసే కుటుంబ సంస్థల భాగ్యం ఈ బార్దానాతోనే ముడిపడి ఉన్నది. ప్లాస్టిక్ గుళికలను కరిగించి, పలుచని పొరగా తీసి, సన్నని పట్టీలుగా చీల్చి, సాగదీసి, గుండ్రని మగ్గాలపై గొట్టంవలె నేస్తారు. ముక్కలుగా కోసి అడుగు కుడితే సంచి. నేయడం నేర్వవచ్చును, గిరాకీ మాత్రం తమ చేతిలో లేదు. 1987 నాటి జనపనార చట్టం క్రింద ఆహారధాన్యాలకు కేంద్రం గోనెసంచినే విధించింది. ప్లాస్టిక్ సంచి సిమెంటు, ఎరువుల వెంట నడిచింది.

2020లో కరోనా వలన బెంగాలు మిల్లులు ఆగిపోయాయి. గోనెలు చాలక, ఛత్తీస్‌గఢ్‌లో ధాన్యం కొనుగోలుకు ప్లాస్టిక్ సంచులను, రైతుల సొంత సంచులను సైతం అంగీకరించవలసి వచ్చింది.

అట్టి ఏడు చూసి, అప్పుచేసి మరొక మగ్గం వేయాలా? వేద్దామంటాడు కొడుకు. వచ్చే ఏడు గోనె తిరిగి వస్తుంది, దానికి చట్టం అండ ఉన్నదంటాడు తండ్రి. ఆ అండ భీమిలి దగ్గరి చిట్టివలస జనపనార మిల్లుకూ ఉండేది. అది 2009లో మూతపడింది.