పదమూడున్నర మేకలు

మాచర్ల అనగానే చాలామందికి బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం గుర్తొస్తాయి. గొర్రెల కాపరులకైతే మాచర్ల గొర్రె గుర్తొస్తుంది, ఆ పేరుతో ఒక జాతే ఉంది మరి. కోళ్లకీ జీవాలకీ కొదవలేని మా పల్నాడులో కూడా పిల్లల్ని హడలగొట్టే లెక్క వాటి మీదే ఉండటం విచిత్రం.

'ఒక దొడ్లో కోళ్లు, మేకలు ఉన్నాయి. తలలు 30, కాళ్లు 86. ఏవి ఎన్ని?'

ఇది కనబడగానే మనం 'కోళ్లు ఎక్స్ అనుకో, మేకలు వై అనుకో' అని మొదలుపెడతాం. నరసరావుపేటలో చదువుతున్న మా మేనల్లుడు మొన్న ఫోన్లో అడిగాడు, 'మామయ్యా, ఎక్స్ అంటే కోడా?' అని. నవ్వి వదిలేసే ప్రశ్న కాదది. చాలామంది పిల్లలు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. ఎక్స్ కోడి కాదు, కోళ్ల సంఖ్య. కోడే అనుకున్న పిల్లాడికి 2ఎక్స్ అంటే రెండు కోళ్లు. అది కోళ్లన్నిటి కాళ్ల లెక్క అని వాడికి తోచదు. ఇక ఆ తర్వాతదంతా బట్టీయే.

అందుకే ఎక్స్‌ని కాసేపు పక్కన పెట్టమన్నాను.

'దొడ్లో అన్నీ కోళ్లే అనుకోరా. కాళ్లెన్ని?'

'అరవై.'

'లెక్కలో ఎన్నున్నాయి?'

'ఎనభై ఆరు. ఇరవై ఆరు ఎక్కువ.'

'ఒక కోడిని తీసి మేకని పెడితే ఎన్ని కాళ్లు పెరుగుతాయి?'

'రెండు... అయితే 13 మేకలు, 17 కోళ్లు!'

ఈ లెక్క వయసు తక్కువేం కాదు. సుమారు పదిహేను వందల ఏళ్ల నాటి చైనా గణిత గ్రంథం 'సున్ త్జు'లో ఉంది. అక్కడ బోనులో ఫెజెంట్ పక్షులు, కుందేళ్లు. తలలు 35, కాళ్లు 94. కాళ్లని సగం చేసి తలలు తీసేయమంటుంది ఆ పుస్తకం. 47లోంచి 35 పోతే 12 కుందేళ్లు. ఎందుకలా? ప్రతి జీవీ సగం కాళ్లు పైకెత్తిందనుకోండి. పక్షి ఒంటికాలి మీద, కుందేలు రెండు కాళ్ల మీద నిలబడతాయి. పక్షికి తలకో కాలు సరిపోయింది. కుందేలుకి తల కంటే కాలు ఒకటి ఎక్కువ. ఆ ఎక్కువ కాళ్లెన్నో కుందేళ్లూ అన్నే. మన దగ్గరా కథలతో లెక్కలు చెప్పడం పాతదే. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

అలాగని బీజగణితం వద్దనడం లేదు. మూడు రకాల జంతువులొచ్చి లెక్క ముదిరితే ఎక్స్, వైలే దిక్కు. కాకపోతే సమీకరణానికి దొడ్డి కనబడదు. పై లెక్కలో కాళ్లు 87 అని వేసి చూడండి. పదమూడున్నర మేకలు, పదహారున్నర కోళ్లు అంటుంది. 130 అని వేస్తే 35 మేకలు, మైనస్ 5 కోళ్లు! అది సిగ్గుపడదు. ఆ పని మనది. కాళ్లు సరిసంఖ్యలోనే ఉండాలి, 30 తలలకి 60 కంటే తగ్గకూడదు, 120 దాటకూడదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లం దీన్నే వాలిడేషన్ అంటాం. లోపలికి వచ్చిన అంకె అసలు కుదిరేదేనా అని ముందు చూసుకోవడం.

ఇది చూసుకోకపోతే ఏమవుతుందో 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో తేలింది. 'ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?' అని ప్రాథమిక తరగతుల పిల్లల్ని అడిగారు. 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒకటి చేసి వయసు చెప్పేశారు. వాళ్లకి కూడికలు రాక కాదు. టీచర్ అడిగారంటే జవాబు ఉండే తీరాలి అన్న నమ్మకం అలా చేయించింది.

ఆ నమ్మకం బడితో పోదు. రేపు అప్పు కాగితం మీద వడ్డీ అంకె చూసినా, ఫోన్లో 'నెలలో డబ్బు రెట్టింపు' అని వచ్చినా, కుదిరేదేనా అని ఆగకుండా సంతకం పెట్టేస్తాం. అందుకే ఈసారి మీ ఇంట్లో పిల్లలు ఈ లెక్క తెస్తే, 87 కాళ్లు ఇచ్చి చూడండి. 'ఇది కుదరదు' అని వాళ్లు అన్నారా, లెక్క వచ్చేసినట్టే.