బెంచి మీద ఎన్నాళ్లు?

బల్మూర్‌లో బెంచి అంటే బడిలో పిల్లలు కూర్చునేది. అచ్చంపేట దాటి హైదరాబాద్ చేరి ఐటీ ఉద్యోగంలో చేరిన పిల్లల భాషలో దానికి అర్థమే వేరు. చేతిలో ప్రాజెక్టు లేకుండా జీతం తీసుకుంటున్నవాడు ‘బెంచి మీద’ ఉన్నట్టు. మంచి రోజుల్లో బెంచి కంపెనీకి బలం. కొత్త ఆర్డరు రాగానే మనిషి సిద్ధం. మాంద్యం వచ్చిందా... అదే బెంచి బరువు. మోయాలా, దించాలా? కంపెనీ పెద్దలకు నిద్ర పట్టనివ్వని లెక్క ఇదే.

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కుప్పకూలాక ఆ దేశపు బ్యాంకుల పనులు చేసే మన కంపెనీలన్నింటికీ గండమే. సత్యం కంప్యూటర్స్‌కు మాత్రం ఇంటి దొంగతనం కూడా తోడైంది. ఆ సంవత్సరం జులై-సెప్టెంబరు నిర్వహణ లాభం 649 కోట్లని చూపారు. అసలు 61 కోట్లేనని 2009 జనవరి 7న రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. పుస్తకాల్లోని 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనేలేవట!

ఆ దెబ్బ ఊళ్లనూ తాకింది. సత్యం షేరు అంటే ఏమిటో తెలియనివారికి కూడా 108 తెలుసు కదా. 2005 ఆగస్టు 15న ఆ అంబులెన్సులను మొదలుపెట్టిన సంస్థ రాజుగారి కుటుంబం స్థాపించిందే. ఖర్చులో సింహభాగం ప్రభుత్వానిదే కాబట్టి బండ్లు ఆగలేదు. 2009లో బాధ్యత జీవీకే చేతికి వెళ్లింది.

ప్రభుత్వం దీపక్ పరేఖ్, కిరణ్ కర్ణిక్ వంటివారితో కొత్త బోర్డు వేసింది. వాళ్లముందు నిలిచిన మొదటి ప్రశ్న టెక్నాలజీది కాదు, నెల జీతాలది. రెండోది క్లయింట్లది. వాళ్లు జారిపోతే అమ్మడానికి మిగిలేదేముంది? ఫిబ్రవరిలో కంపెనీలోనే పనిచేస్తున్న ఏ.ఎస్.మూర్తిని సీఈఓ చేశారు. బయటి నుంచి పెద్ద పేరు తెచ్చే బదులు, క్లయింట్లకు తెలిసిన మనిషిని ఎంచుకోవడం తెలివైన పనే అనిపిస్తుంది నాకు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలిచ్చి పగ్గాలు పట్టింది.

బెంచి బరువు అప్పుడు బయటపడింది. పని లేని వేలమందిని ‘వర్చువల్ పూల్’ పేరుతో ఇంటికి పంపారు. మూలవేతనం, పీఎఫ్, వైద్యబీమా మాత్రం ఉంటాయి, పని దొరికితే పిలుస్తాం అన్నారు. పేరు అందంగా ఉంది! మూలవేతనంతో నగరంలో ఇంటద్దె, బ్యాంకు వాయిదా కట్టేదెలా? అయినా ఒక్కమాటతో తీసేయడం కంటే నయమేననాలి. ఇంకోచోట వెతుక్కోవడానికి కాస్త గడువైనా దొరికింది.

ఇప్పుడా గడువు కూడా చిక్కిపోతోంది. 2025 జూన్‌లో టీసీఎస్ కొత్త నియమం పెట్టింది. ఏడాదిలో 225 రోజులు క్లయింటుకు బిల్లు వేసే పనిలో ఉండాలి. బెంచి మీద 35 రోజులు దాటకూడదు. మరుసటి నెలలోనే దాదాపు 12 వేలమందిని తగ్గిస్తామని ప్రకటించింది.

పిల్లవాడు ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే ‘జీతమెంత నాయనా?’ అంటాం. బెంచి మీద ఎన్ని రోజులు ఉంచుతారో, పొమ్మంటే ఎన్ని నెలల జీతం చేతిలో పెడతారో కూడా ఆ ఫోన్‌లోనే అడగండి.